చూసినవి – తోచినవి: మగ్గాల ఊరిలో ఒక వారం

 మేము విమర్శకులము కాము. రాత్రి భోజనాలు ముగిసిన తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుని చూసిన చిత్రాలను గురించి తోచిన నాలుగు మాటలు ఇక్కడ చెప్పుకోవడమే మా అలవాటు. అయితే మొన్న క్యాంటీన్‌లో ఒక మిత్రులు మమ్ములను నిలదీశారు. "అయ్యా, మీకు నచ్చని సినిమా అంటూ ఈ భూప్రపంచంలో ఒకటైనా ఉన్నదా?" అని వారి ప్రశ్న. ఆ ఆక్షేపణలో న్యాయం ఉన్నది. కనుక ఈసారి మెచ్చుకోలుతోపాటు నచ్చని సంగతులను కూడా దాచకుండా మనవి చేస్తాము.

ప్లాంటు షట్‌డౌన్ పనులు ముగిసి, నెల్లాళ్ళ తరువాత వేళకు ఇల్లు చేరడం మొదలైన వారమిది. ఏడు రోజులలో అయిదు చిత్రాలు చూశాము. వాటిలో కొత్తగా విడుదలైనది ఒక్కటీ లేదు. కొత్త చిత్రాల ముచ్చట్లు ఎలాగూ షిఫ్టు బస్సులో వినబడుతూనే ఉంటాయి. హిందీలోకి డబ్ అయిన మన చిత్రాల సంగతి మన గుజరాతీ మిత్రులకు మనకంటె బాగా తెలుసు. మేము మాత్రం ఇంట్లో ఎవరు ఏది అడిగితే అది చూశాము.

సోమవారం నాడు 'బలగం' చూశాము. 2023 మార్చిలో వచ్చిన ఈ చిత్రానికి దర్శకుడు వేణు యెల్దండి. అంతవరకు హాస్యనటుడుగానే మనకు పరిచయం. సొంత ప్రాంతమైన సిరిసిల్ల వైపు పల్లె బ్రతుకును తెరకెక్కించాడు. ఊళ్ళో అందరినీ నవ్విస్తూ, నవ్వుతూ తిరిగే కొమురయ్య అనే వృద్ధుడు ఒకనాడు కన్నుమూస్తాడు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఎందుకు ముట్టలేదన్నదే కథంతా. ఇరవై ఏళ్ళ క్రితం ఒక విందులో నల్లి బొక్క దగ్గర మొదలైన తగవుతో ఆ ఇంటి కొడుకు, అల్లుడు మాటలు మానుకొని ఉన్నారు. చూస్తుండగా నవ్వు వస్తుంది. అయితే మన మన ఇళ్ళలో తగవులకు మూలం ఇంతకంటె ఘనమైన సంగతి ఏదైనా ఉన్నదా అని ఆలోచిస్తే ఆ నవ్వు కాస్తా ఆగిపోతుంది.

నచ్చని సంగతి కూడా చెప్పాలి. మనుమడు సాయిలు అప్పుల బాధను చూపే మొదటి భాగం ఒకింత సాగదీసినట్లు తోచింది. అతని బుద్ధి మారడం కూడా తొందరగానే జరిగిపోయినది. కాని చివరలో బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే ఘట్టం మొదలయ్యాక ఈ లెక్కలేవీ మాకు గుర్తు లేవు. విడుదలైన రోజులలో తెలంగాణ పల్లెలలో రచ్చబండ దగ్గర తెర కట్టి ఊరంతా ఈ చిత్రాన్ని చూశారని, చూసిన తరువాత కొందరు అన్నదమ్ములు రాజీపడ్డారని పత్రికలలో వచ్చినది. మొదట మేము నమ్మలేదు. సోమవారం రాత్రి నమ్మకం కుదిరింది.

ఎందుకంటే ఆ రాత్రి మాతోపాటు చూడడానికి పక్క బ్లాకులోని ఒక మిత్రులు సకుటుంబంగా వచ్చారు. వారిది జమ్మికుంట వైపు. చిత్రం సగంలో వారు లేచి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డారు. సిగరెట్టు కోసమేమో అనుకున్నాము. తరువాత వారి శ్రీమతి మెల్లగా చెప్పారు. తండ్రిగారు పోయినప్పుడు వీరు నవజీవన్ ఎక్కారట. సూరత్‌లో ఎక్కి, నందుర్బార్, భుసావళ్, వార్ధా, బల్హార్షా దాటి వరంగల్లులో దిగి ఇల్లు చేరేసరికి అంతా అయిపోయినది. ఎంతసేపని ఉంచుతారు? ఆపైన పదకొండవ రోజు వరకు ఉండడానికి సెలవు కూడా చాలలేదట. ఈ చిత్రంలోని కాకి ఆ మిత్రులను ఏమడిగిందో మేము ఊహించగలము, ఇక్కడ వ్రాయము. పరస్థలంలో ఉన్న మనందరి ఇళ్ళలోను ఇటువంటి రైలు ప్రయాణం ఒకటి ఉండనే ఉంటుంది.

మంగళవారం మా అత్తగారి కోరిక మేరకు 'మాయాబజార్'. 1957 నాటి ఈ చిత్రాన్ని గురించి క్రొత్తగా చెప్పడానికి మేమెవరము? 2010లో రంగులద్దిన ప్రతి వచ్చినది కదా, అది పెడదామని పిల్లలు. నలుపు తెలుపే కావాలని అత్తగారు. ఆమె మాటే నెగ్గింది. ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడు తెరమీదకు రాగానే మా ఆరేళ్ళ మేనల్లుడు సోఫా మీద నిలబడ్డాడు. చివరి వరకు కూర్చోలేదు. ఇంతకంటె సమీక్ష అనవసరం.

గురువారం గుజరాతీ చిత్రం 'ఛెల్లో షో' చూశాము. అంటే 'ఆఖరి ఆట' అని అర్థం. పాన్ నలిన్ దర్శకుడు. 2021లో విదేశాల చలనచిత్రోత్సవాలలో ప్రదర్శింపబడి, 2022 అక్టోబరులో మన దేశంలో విడుదలైనది. ఆస్కార్ పోటీకి మన దేశం తరఫున వెళ్ళిన చిత్రమని పాఠకులకు గుర్తుండవచ్చు. సౌరాష్ట్రలో చలాలా అనే చిన్న స్టేషన్ దగ్గర టీ అమ్మే తండ్రి, చక్కగా వండే తల్లి, సినిమా పిచ్చి పట్టిన తొమ్మిదేళ్ళ సమయ్. ఆ పిల్లవాడు అమ్మ కట్టి ఇచ్చిన భోజనాన్ని పట్టణంలోని టాకీసులో ప్రొజెక్టరు నడిపే ఫజల్‌కు ఇచ్చి, బదులుగా ఆపరేటరు గదిలోని కంతలో నుంచి సినిమాలు చూస్తాడు.

సూరత్‌లో ఇన్నేళ్ళు కాపురం చేసి గుజరాతీ వచ్చునని అనుకుంటున్న మా గర్వం ఆ సాయంత్రం భంగపడినది. కాఠియావాడ్ యాస మాకు సగం కూడా అందలేదు. ఎదురింటి గుజరాతీ సోదరి వచ్చి కూర్చుని మాటలకు అర్థాలు చెప్పారు. మాటలకంటె ఆమెకు తల్లి వంట చేసే దృశ్యాలే ఎక్కువ నచ్చినవి. "మసాలా ముందు దంచాలి, చూడండి, ఎంత ఓపికగా దంచుతున్నదో" అంటూ మా శ్రీమతికి ఒక్కొక్క వంటకాన్ని వివరించారు. ఆ వివరణలో కథ కొంత మాకు దాటిపోయినది. ఫలితంగా శుక్రవారం మా ఇంట గుజరాతీ భోజనం. చిత్రం వలన కలిగిన ప్రయోజనాలలో దీనిని కూడా లెక్క వేయాలి.

ఇటలీ చిత్రం 'సినిమా పారడిసో'ను చూసినవారికి దీనిలో దాని ఛాయలు కనిపించక మానవు. మధ్య భాగంలో రంగు గాజుపెంకుల్లోంచి లోకాన్ని చూసే దృశ్యాలు అందంగా ఉన్నాయి గాని మరీ ఎక్కువయ్యాయి. అయితే చివరి అరగంటను మేము మరువలేము. డిజిటల్ యంత్రం వస్తుంది. ఫజల్‌కు దానిని నడపడం రాదు, పని పోతుంది. పాత ప్రొజెక్టరును లారీలో వేసుకొని పోయి కరగించి చెంచాలు చేస్తారు. ఫిల్ము రీళ్ళను కరగించి ప్లాస్టిక్ గాజులు చేస్తారు. ఆ పిల్లవాడు లారీ వెంటపడి పోయి ఇదంతా చూస్తాడు. ఒక్క మాట లేదు. ఇనుము కరగుతూ ఉంటుంది, మనము చూస్తూ ఉంటాము. యంత్రాల మధ్యనే బ్రతికే మన ఉద్యోగులకు ఈ ఘట్టం వేరే విధంగా తాకుతుంది. పాత కంట్రోల్ ప్యానెల్‌ను విప్పి తీసివేసిన రోజున దానిని పాతికేళ్ళు నడిపిన ఆపరేటరు ముఖం చూసినవారు మనలో ఉన్నారు.

ఆ గురువారం రాత్రే ఒక సంగతి మా మనసులో పడినది. చెయ్యి చేసే పనిని యంత్రం చేయడం మొదలుపెట్టినప్పుడు ఆ చెయ్యి ఏమవుతుంది? సూరత్‌లో ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి దూరం పోనక్కరలేదు. ఉధనా, లింబాయత్ వైపు సందులలో నడిస్తే చాలు, రెండు ప్రక్కలా సాంచాల చప్పుడు. ఆ సాంచాల మీద పనిచేసినవారిలో, చేస్తున్నవారిలో మన తెలంగాణ జిల్లాల పద్మశాలీలు వేలాదిగా ఉన్నారు. ఊళ్ళో చేతిమగ్గం నడవక ఇక్కడికి వచ్చారు. ఇక్కడ వారు నేసిన చౌకబట్ట ఊళ్ళకు పోయి, మిగిలిన చేతిమగ్గాలకు పోటీ అయినది. దీనిలో తప్పు వారిది కాదు. చౌకగా దొరికినప్పుడు కొనుక్కున్న మనదీ కాదేమో. అయినా ఆ ఆలోచన మమ్ములను వదలలేదు. కనుక శనివారం, ఆదివారం నేతపని చిత్రాలే చూడాలని నిశ్చయించుకున్నాము.

శనివారం చూసినది శ్యామ్ బెనెగల్ గారి 'సుస్మన్', 1987 నాటిది. ఒక మిత్రులు ఎక్కడో సంపాదించి ఇచ్చారు. రంగులు వెలిసిపోయిన ప్రతి. బెనెగల్ గారు 1934లో మన సికింద్రాబాదు తిరుమలగిరిలో జన్మించినవారు, 2024 డిసెంబరులో స్వర్గస్థులైనారు. గుజరాత్‌లో ఉంటున్న మనకు ఆయన 'మంథన్' (1976) ద్వారా ఎక్కువ పరిచయం. ఆ చిత్రానికి 5 లక్షల మంది గుజరాత్ పాడి రైతులు తలకు 2 రూపాయల చొప్పున పెట్టుబడి పెట్టారు. పాల గిన్నెలు మోసిన చేతులే నిర్మాతలు. ఆ తరువాత చేనేత సహకార సంఘాల అండతో తీసిన చిత్రమే 'సుస్మన్'. కథాస్థలం మన పోచంపల్లి ప్రాంతం. నేతగాడు రాములుగా ఓం పురి, అతని భార్య గౌరమ్మగా షబానా ఆజ్మీ.

ముందు లోపాలు చెబుతాము. పోచంపల్లి నేతగాళ్ళు హిందీ మాట్లాడుతుంటే మొదటి పావుగంట చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. సహకార సంఘాల మంచి చెడ్డలను పాత్రలచేత ఉపన్యాసాలుగా చెప్పించిన చోట్ల చిత్రం కాస్తా డాక్యుమెంటరీ అవుతుంది. మా పిల్లలు అరగంటకే లేచిపోయారు, వారిని మేము తప్పుపట్టలేదు. కాని మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న ఓం పురిని చూస్తే అతడు నటుడని అనిపించదు. మాట తక్కువ, పని ఎక్కువ. నాడె విసిరే చెయ్యి, తెగిన పోగును అతికే వేళ్ళు, వంగిన మెడ, ఇవే అతని సంభాషణలు.

పట్నం నుంచి వచ్చిన బేరానికి పట్టుచీరలు నేస్తున్న ఇంట, కూతురి పెళ్ళిచీర కోసం గౌరమ్మ ఆ పట్టులోంచి కొంత ప్రక్కకు తీస్తుంది. దొంగతనం అంటారు దానిని. ప్రియదర్శన్ తమిళంలో తీసిన 'కాంచీవరం' (2008) చూసినవారికి కూడా ఇటువంటి ఘట్టమే గుర్తుకు వస్తుంది. అక్కడ తండ్రి ప్రకాశ్ రాజ్, ఇక్కడ తల్లి షబానా. రెండు వేర్వేరు భాషలు, వేర్వేరు దశాబ్దాలు. ఇద్దరు దర్శకులూ నేతగాని ఇంటి కథ చెప్పబోయి ఒకే చోట వచ్చి ఆగారు: జీవితమంతా పట్టు నేసే చెయ్యి తన బిడ్డకు ఒక పట్టుచీర నేయలేదు. ఇది చెబుతూ షబానా కన్నీరు పెట్టదు, కోపగించుకుంటుంది. మాకు ఆ కోపమే నచ్చినది.

ఇక ఆదివారం. ఆనాటి చిత్రం 'మల్లేశం'. 2019 జూన్‌లో విడుదలైనది, రాజ్ రాచకొండ దర్శకుడు. 'బలగం'లో సాయిలుగా నటించిన ప్రియదర్శియే ఇందులోనూ కథానాయకుడు. అయితే దీనిని మా ఇంట చూడలేదు, లింబాయత్‌లో చూశాము. మా విభాగంలో కాంట్రాక్టు పద్ధతిపై పనిచేసే ఒక యువకుని తల్లిదండ్రులది ఆలేరు దగ్గరి పల్లె. చిత్రం కూడా ఆ ఊళ్ళవారి కథే. "మా అమ్మకు చూపించాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్న, చిన్న ఫోన్‌ల ఆమెకు ఆనది సార్" అని ఆ అబ్బాయి అన్నందున మేము, మా శ్రీమతి ల్యాప్‌టాప్ పట్టుకొని బయలుదేరాము.

చింతకింది మల్లేశం గారి పేరు పాఠకులు వినే ఉంటారు. ఆలేరు సమీపంలోని శారాజీపేటవారు. ఆరవ తరగతితో చదువు ఆగిపోయినది. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు నూలును ఆసు పోయాలి. ఒక వైపు ఒక మేకు, ఎదుట అర్ధచంద్రాకారంగా అమర్చిన మేకులు. పోగును ఈ మేకు నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ మేకుకు చేతితో త్రిప్పుతూ పోవాలి. ఒక చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. ఈ పని ఇంటి ఆడవారిది. తల్లి లక్ష్మిగారి భుజం, మోచెయ్యి నొప్పి చూడలేక మల్లేశం గారు 1992లో యంత్రం తయారుచేయడానికి పూనుకొని, అప్పులు చేసి, అవమానాలు పడి, 1999లో పూర్తిచేశారు. దానికి 'లక్ష్మీ ఆసుయంత్రం' అని తల్లి పేరే పెట్టారు. 2017లో వారికి పద్మశ్రీ లభించినది.

రెండు గదుల ఇల్లు. ల్యాప్‌టాప్‌ను బియ్యపు డబ్బా మీద పెట్టాము. ఆ ఇంటి మనుమరాలు, నాలుగవ తరగతి, తెర మీద పేరు పడగానే అక్షరం అక్షరం కూడబలుక్కొని "మల్లేశం" అని పైకి చదివినది. సూరత్ నగరపాలక సంస్థవారి తెలుగు బడిలో చదువుతున్నదట. టౌన్‌షిప్‌లో పెరిగిన మా పిల్లలకు ఆ మూడు అక్షరాలు చదవడం రాదు. ఆ మాట అక్కడ మేము పైకి అనలేదు.

పెద్దాయన తెరకు మరీ దగ్గరగా కూర్చున్నారు. ఎనభైలలో సూరత్ వచ్చినవారు. మొదట్లో ఖాతాలోనే, సాంచాల ప్రక్కనే పడుకునేవారట. పన్నెండు గంటల పాళీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. జీతం లేదు, మీటరు లెక్క. అన్ని ఏళ్ళు ఆ చప్పుడులో ఉండి ఇప్పుడు వినికిడి దాదాపు పోయినది. ధ్వని పెంచమంటారా అని మేము సైగ చేస్తే వద్దన్నారు. "మాటలెందుకు సారూ, చేతులు కనవడుతున్నయి గద" అన్నారు. చిత్రమంతా ఆయన చేతులనే చూశారు. మధ్యలో ఒకసారి ప్రియదర్శి చెయ్యి చూపించి, "గీ పిలగాడు పని నేర్చుకొనే వచ్చిండు" అని తీర్పు చెప్పారు. ఏ పత్రికలో ఎన్ని నక్షత్రాలు ఇచ్చారో మాకు తెలియదు, ఈ తీర్పు ముందు అవి చిన్నవే.

తల్లి పాత్రలో ఝాన్సీ ఆసు పోసే దృశ్యం వచ్చినది. మేము తెరవైపు చూడడం మాని ప్రక్కకు చూశాము. గోడకు ఆనుకొని కూర్చున్న ఆ ఇంటి పెద్దావిడ కుడి చెయ్యి ఒడిలో మెల్లగా కదులుతున్నది. ఇటు, అటు, ఇటు, అటు. ఆమెకు తెలిసి చేస్తున్నది కాదు. ఏడేళ్ళ వయసు నుంచి ఆసు పోసిందట. సూరత్ వచ్చి నలభై ఏళ్ళవుతున్నా భుజం ఇప్పటికీ పైకి లేవదు, జడ కోడలే వేస్తుంది. చిత్రంలో మల్లేశం యంత్రం మొదటిసారి తనంతట తాను తిరిగినప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాము. ఆమె కొట్టలేదు. కాసేపు చూసి మా శ్రీమతితో, "మంచిగ జేసిండు, వాని కడుపు సల్లగుండ. మా ఊరికి గీ మిషన్ కంటె ముందుగాల సూరత్ రైలొచ్చింది బిడ్డా" అన్నది.

చిత్రంగా చూస్తే లోపాలు ఉన్నాయి. ద్వితీయార్ధంలో యంత్రం పనిచేయకపోవడం, ఊరివారు ఎగతాళి చేయడం, మళ్ళీ ప్రయత్నించడం, ఇదే వరుస మూడు నాలుగు సార్లు వస్తుంది. భార్య పద్మగా అనన్య నాగళ్ళ చక్కగా చేసినది గాని ఆ పాత్రకు ఓర్పు తప్ప మరొక గుణం ఇవ్వలేదు. పెద్దింటి అశోక్ కుమార్ గారి మాటలు మాత్రం చిత్రానికి ప్రాణం. పెద్దాయనకు ఉన్న అభ్యంతరం వేరు. "ఆసు బాధ పోయింది, సంతోషమే. నూలు ధర సేటు చేతుల, చీర ధర సేటు చేతుల. గదానికి మిషన్ ఎవరు జేస్తరు?" అని అడిగారు. దీనికి మా వద్ద జవాబు లేదు. ముందురోజు 'సుస్మన్'లో ఉపన్యాసాలు ఎక్కువయ్యాయని విసుగుకున్న మేము, ఆ ఉపన్యాసాలు ఎవరికోసమో అప్పుడు గ్రహించాము.

చిత్రం ముగిసి టీ త్రాగుతుండగా మరొక చిన్న సంగతి జరిగినది. ఆనాటి సందర్భానికి తగినట్లుగా ఉంటుందని మా శ్రీమతి పోచంపల్లి చీర కట్టుకొని వచ్చింది. అంటే అది పోచంపల్లి అని మేము అనుకుంటున్న చీర. రింగు రోడ్డు మార్కెట్‌లో కొన్నది. పెద్దావిడ ఆ కొంగును చేతిలోకి తీసుకొని, వ్రేళ్ళతో నలిపి, త్రిప్పి వెనుక వైపు చూసింది. వెనుక రంగు వెలవెలబోతూ ఉన్నది. నవ్వి కోడలికి చూపింది. అసలైన పోచంపల్లి అయితే పోగుకే రంగు ఉంటుంది కనుక ముందు వెనుకల తేడా ఉండదట. ఇది నేసిన తరువాత అచ్చు వేసిన పాలియెస్టరు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు ఇచ్చినా, అచ్చు వేసేవారిని అది ఆపలేకపోయినదని మాకు ఆ కొంగు చూశాక తెలిసినది.

మా శ్రీమతి ముఖం చిన్నబోయినది. పెద్దావిడ అది గమనించి కొంగును తిరిగి ఆమె భుజం మీద సవరించి, "రంది పడకు బిడ్డా, ఇది గూడ మనోళ్ళు నేసిందే. మా ముసలాయన సాంచ మీదికెళ్ళి వచ్చిన తాకానే గావచ్చు" అన్నది. పెద్దాయనకు ఈ మాట వినబడలేదు. కొడుకు చెవి దగ్గర గట్టిగా చెప్పాడు. అప్పుడాయన కూడా లేచి వచ్చి ఆ చీరను పట్టుకొని చూశారు. ఆయన రంగు చూడలేదు, నేత చూశారు. వెలుతురు వైపు ఎత్తి పట్టుకొని, ఒకచోట పోగు జారిన గీతను గోటితో చూపించి, "గిది నేను నేసింది గాదు" అన్నారు గంభీరంగా. ఇల్లంతా నవ్వులు.

తిరిగి వచ్చేటప్పటికి బాగా ప్రొద్దుపోయినది. బయలుదేరేముందు మనుమరాలు మా దగ్గరకు వచ్చి, వచ్చే ఆదివారం ఏ సినిమా తెస్తారని అడిగినది. నీకేమి కావాలి అంటే, ఎగిరేవాళ్ళు, మాయలు ఉన్నది కావాలన్నది. 'మాయాబజార్' తెస్తామని మాట ఇచ్చాము. పెద్దాయనకు ఈసారి కూడా మాటలు వినబడవు. రంగారావుగారిని చూడడానికి వినికిడి అవసరం లేదని మా అత్తగారి అభిప్రాయం. ఆమె కూడా వస్తానంటున్నారు, నలుపు తెలుపు ప్రతి అయితేనే.